త్రాసు గీసిన ఎర్రగీత

మా తమ్ముడి మందు ఆగిపోయిన సంగతి వాడికన్నా పదకొండు నిమిషాల ముందే నాకు తెలిసింది. తెలియకేం! ఆపిన యంత్రాన్ని తయారుచేసిన ఆరుగురిలో నేనొకదాన్ని.

యంత్రమంటే చక్రాలూ గొట్టాలూ ఊహించుకోకండి. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా మూడంతస్తుల భవనం, కింద చల్లటి గదిలో బీరువాల్లా నిలబెట్టిన కంప్యూటర్లు, పైన మేము. దాని పేరు త్రాసు. శాస్త్రవేత్తలు తమ పరిశోధనను పెద్దలెవరైనా చదివి సరేననేదాకా ఆగలేక, వ్యాసాన్ని ముందే లోకం ముందు పెట్టేస్తారు. దాన్ని ప్రీప్రింట్ అంటారు. రోజుకి పదివేల పైచిలుకు వస్తాయి. త్రాసు ప్రతిదాన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి, అంకెలన్నీ మళ్ళీ కూడి, బొమ్మలు పాత బొమ్మలతో పోల్చి, నూటికి ఇన్ని అని మార్కు వేస్తుంది. నలభైకి తగ్గితే ఎర్రగీత.

ఆరేళ్ళ కిందట ఒక దొంగ ప్రీప్రింట్‌ని నమ్మి చంటిపిల్లల కామెర్లకి ఏదో చుక్కల మందు వాడారు. ముప్పై ఒక్కమంది పిల్లలు పోయారు. ఆ వ్యాసంలోని అంకెలన్నీ ఒకడు కుర్చీలో కూర్చుని అల్లినవేనని తరువాత తేలింది. అప్పుడు వచ్చింది చట్టం. ఎర్రగీత పడిన క్షణం నుంచి ఆ వ్యాసం మీద ఆధారపడిన మందు ఏ ఆస్పత్రిలోనూ ఎవరి చేతికీ అందదు. మనిషి సంతకంతో పని లేదు. ఆ చట్టం వచ్చిన రోజున ఆఫీసంతటికీ నేను మిఠాయి పంచాను.

ఆ గురువారం ఉదయం పదిగంటలకి తెర మీద వరసగా పేర్లు కదులుతుంటే ఒక పేరు దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆచార్య ఇందుమతి. ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళ కిడ్నీ జబ్బుకి ఆవిడ కనిపెట్టిన పొడి, అరవై నలుగురి మీద పద్దెనిమిది నెలల పరిశీలన. మార్కు ముప్పై ఒకటి.

ఆ అరవై నలుగురిలో మా లోకనాథం ఒకడు.

పదకొండు నిమిషాలకి ఫోను మోగింది.

"అక్కా, ఆస్పత్రోళ్ళు ఈ వారం పొట్లం ఇవ్వనంటన్నారు. కంప్యూటర్లో నా పేరుకి ఎదురుగా ఏదో ఎర్రగా వచ్చిందట. మీ ఆఫీసుదేనేటి?"

"మాదే."

"హమ్మయ్య. అయితే నువ్వో మాట చెప్పీ, ఇచ్చీస్తారు" అని నవ్వాడు.

నా ఉద్యోగం గురించి, త్రాసుని తయారుచేసినవాళ్ళలో నేనొకదాన్నని తప్ప వాడికి ఇంకేమీ ఎప్పుడూ చెప్పలేదు. మాది ఉప్పుమడుల ఊరే. నాన్న మడుల్లోనే పనిచేసి నలభై ఎనిమిదేళ్ళకే కిడ్నీలు పోయి వెళ్ళిపోయాడు. లోకనాథం మడిలో దిగకుండా లెక్కల మేష్టారు అయ్యాడు గాని, ఆ నీళ్ళే తాగి పెరిగాడు, ముప్పై ఆరో ఏట అదే జబ్బు బయటపడింది. ఇక డయాలిసిస్‌కి సిద్ధపడమన్న డాక్టరే, ఇందుమతి మేడమ్ పొడి మొదలుపెట్టిన ఆరు నెలలకి రిపోర్టులు రెండుసార్లు తిప్పి చూశాడు. కిడ్నీలు చెడేకొద్దీ పెరిగే క్రియాటినిన్ మూడు దగ్గర ఆగింది. తగ్గలేదు, కాని పెరగలేదు. మా ఇంట్లో అది పండగే.

అలాంటి బంధుత్వాలు దాచకూడదు కనుక ఏడాది కిందటే ఆఫీసులో రాసిచ్చాను. అంచేత ఆ వ్యాసం ఫైలు నాకు తెరుచుకోదు. ఎర్రగీతకి కారణం మాత్రం ఊరందరికీ కనబడే పేజీలో ఉంటుంది. నేనూ ఊళ్ళో ఒకదాన్నేగా, తీసి చూశాను.

పొడి చెమ్మ పీల్చుకుంటుంది. పాకెట్లు కట్టే మెషిన్లో పోస్తే ముద్దలు కడుతుంది. అందుకని మేడమ్ ప్రయోగశాలలో తవిటమ్మ అనే ఆవిడ చేత్తోనే తూచి పొట్లాలు కడుతుంది. మనిషికి వారానికొక పొట్లం, యాభై గ్రాములు. ప్రతి పొట్లం బరువూ పుస్తకంలో ఎక్కుతుంది. అలా నాలుగువేల తొమ్మిదివందల తొంభై రెండు బరువులు. వాటిలో యాభైకి ఒక్క రవ్వ తక్కువ ఉన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు. 50.11, 50.08, 50.19, 50.06. మనిషి చేత్తో తూస్తే కొన్ని ఇటు, కొన్ని అటు పడతాయి. ఇన్ని వేలల్లో అన్నీ ఒకే పక్కన పడ్డాయంటే అది కాటా చెప్పిన అంకె కాదు, కలం చెప్పిన అంకె. ఇదీ త్రాసు తీర్పు.

ఈ తనిఖీకి మా ఆఫీసులో రెండు పక్కల పరీక్ష అని పేరు. దాన్ని రాసింది నేను. కామెర్ల మందు దొంగని నాలుగు సెకన్లలో పట్టి చూపించింది ఈ పరీక్షే. ఎక్కడ మీటింగు జరిగినా మా డైరెక్టర్ మంగపతిగారు దాని గురించి చెప్పకుండా టీ తాగరు.

సాయంత్రం మధురవాడలో తమ్ముడింటికి వెళ్ళాను. మరదలు పెసరట్టు వేసి పెట్టి, ఎదురుగా నిలబడింది.

"ఇందుమతి మేడమ్ దొంగలెక్కలు రాసే మనిషి కాదక్కా. నీకూ తెల్సు" అన్నాడు లోకనాథం.

"నాకు తెలిస్తే చాలదురా. త్రాసుకి తెలియాలి."

"నువ్వే కదా చేసేవు దాన్ని. ఓ చిన్న సవరణ చేసీలేవేటి?"

చెయ్యలేను. తెరిచి ఉన్న కేసు కోసం త్రాసులో అక్షరం ముట్టుకున్నా నేరమే. మేడమ్‌కి రెండే దారులున్నాయని చెప్పాను. ఒకటి, రాతపూర్వకంగా ఒక్కసారి జవాబివ్వడం. అది కుదరకపోతే హస్తపరీక్ష. అంటే పని చేసిన మనిషే కెమెరా ముందు ఆ పని మళ్ళీ చేసి చూపించాలి.

"రెండు దారులుంటే బాగానే ఉంది" అన్నాడు వాడు. లెక్కల మేష్టారు కదా, రెండంటే రెండే అనుకున్నాడు.

మొదటి దారి వారంలో మూసుకుపోయింది. మేడమ్ పధ్నాలుగు పేజీల జవాబు పంపింది, అదీ ఊరందరికీ కనబడే పేజీలోనే వచ్చింది. కాటా సరిగ్గా లేదేమో అంది. పొట్లం కాగితం బరువు కలిసిందేమో అంది. చెమ్మ వల్లనేమో అంది. పాపం ఆవిడకి అసలు కారణం తెలియదు, నిజాయితీగా అన్నీ ఊహించి రాసింది. పాత దొంగల జవాబులు కొన్ని వేలు చదివించి త్రాసుకి మేము నేర్పిన సంగతి ఒకటుంది. దొంగవాడు ఎక్కువ మాట్లాడతాడు, కారణాలు మారుస్తాడు. తెర మీద మేడమ్ మార్కు పేజీ పేజీకీ దిగుతుంటే చూశాను. పధ్నాలుగో పేజీ అయ్యేసరికి పంతొమ్మిది.

ఆ ఆదివారం నేను చెయ్యకూడని పని చేశాను. ఎర్రగీత పడిన వ్యాసానికి పనిచేసినవాళ్ళెవరితోనూ త్రాసు సిబ్బంది మాట్లాడకూడదు. రోగి అక్కలా వెళ్తున్నానని నాకు నేనే సర్దిచెప్పుకుని, బస్సెక్కి తవిటమ్మ ఊరు వెళ్ళాను.

అరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తర్లు కుడుతోంది. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఆస్పత్రికి పొట్లాలు తెచ్చినప్పుడల్లా లోకనాథాన్ని మేష్టారూ మేష్టారూ అని పలకరించేది, వాడి పక్కన నన్నూ చూసింది కనుక గుర్తుపట్టింది.

"మేష్టారక్కవి కదా! రామ్మా. మేష్టారికెలాగుంది? మందాపీసినారటగా, ఏటా అన్నేయం?"

నీళ్ళు తాగి, నెమ్మదిగా అడిగాను. "అత్తా, నువ్వు తూచిన పొట్లాల్లో యాభైకి తక్కువ ఒక్కటీ లేదేం?"

చేతిలో ఆకు కింద పెట్టేసింది. కోపం వచ్చింది ఆవిడకి.

"తక్కువెందుకు తూస్తానమ్మా? రోగిష్టోళ్ళు తాగీ మందు! కాటా మీద యాభై కనబడ్డాక, సెంచా కొసన రవ్వంత ఎయ్యందే నాను పొట్లం మడవను."

"ఎందుకు?"

"ఎందుకేటి, కొసరు! మాయమ్మ సోలతో అటుకులమ్మీది. సోల కొలిసినాక గుప్పెడు పైన ఎయ్యకపోతే ఆ సెయ్యి సెయ్యి కాదనీది. అంగట్లో బేరానికే అలగేస్తే, మందుకెయ్యొద్దేటి? ఏసినాక కాటా ఎంత సూపిస్తే అంతే రాసినాను. రవ్వ కూడా అబద్దం రాయనేదు."

నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. పదిరోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయింది. దేశంలోని దొంగ శాస్త్రవేత్తలందరినీ పట్టే పరీక్ష రాసిన నాకు, కొసరన్న మాట గుర్తుకు రాలేదు. రోజూ కూరగాయల బండి దగ్గర దెబ్బలాడి మరీ కొసరు వేయించుకునే మనిషిని నేను!

"అమ్మ తల్లీ, నీ కొసరే కదే కొంప ముంచింది!" అన్నాను, నవ్వుతూనే.

తవిటమ్మ నవ్వలేదు.

"ఎవులి కొంపమ్మా?"

"ఏం లేదు, ఊరికే అన్నాను. నేనొచ్చినట్టు ఎవరితోనూ అనకు."

"అనను" అంది. తలవంచుకుని మళ్ళీ ఆకు కుట్టసాగింది. ఆ ముఖంలోకి అప్పుడు సరిగ్గా చూసి ఉండాల్సింది. నాకు బస్సు తొందర.

దారి పొడుగునా లెక్కలు వేసుకున్నాను. మేడమ్ ఎలాగూ హస్తపరీక్ష అడుగుతుంది. తవిటమ్మని కాటా ముందు కూర్చోబెడతారు. ఆవిడ అలవాటు కొద్దీ కొసరు వేస్తుంది. పరీక్షకి తూచే రెండువందల పొట్లాలూ యాభై పైనే పడతాయి. పుస్తకంలోని చెయ్యీ ఈ చెయ్యీ ఒకటేనని త్రాసే ఒప్పుకుని గీత చెరిపేస్తుంది. నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. ఇంత తేలికైన పని నా ఉద్యోగంలో ఎప్పుడూ తగల్లేదు.

తమ్ముడికి మాత్రం ధైర్యం చెప్పాను. "ఇంకో రెండు వారాలు ఓర్చుకోరా, వచ్చేస్తుంది."

"ఎలా చెప్పగలవు?"

"చెప్పగలను."

ఆ రెండు వారాల్లో వాడి చీలమండలు వాచాయి. చెప్పులు పట్టక బడికి మరదలి హవాయి చెప్పులు వేసుకుని వెళ్ళాడు. పిల్లలు నవ్వారట. క్రియాటినిన్ మూడు నుంచి నాలుగుకి దగ్గరపడింది. "నీ లెక్క తప్పకూడదక్కా" అన్నాడొకరోజు. వాడి కళ్ళకింద ఉబ్బు చూసి నాకు ఏడుపొచ్చింది, కాని వచ్చేవారం అయిపోతుందిలే అనుకుని మింగేశాను.

హస్తపరీక్ష మా భవనంలోనే జరిగింది, ఉదయం తొమ్మిదిన్నరకి. గాజుగదిలో బల్ల, కాటా, పొడి డబ్బా, తవిటమ్మ. ఏం పరీక్షిస్తున్నారో ఆవిడకి చెప్పరు. ఎప్పుడూ చేసే పనే చెయ్యమ్మా అంటారు, అంతే. మేడమ్‌ని లోపలికి రానివ్వరు. కింద వరండాలో కుర్చీ వేశారు. సిబ్బందిలో ఎవరు తెర మీద చూసినా అభ్యంతరం లేదు కనుక నేనూ హాల్లో కూర్చున్నాను. పక్కన మంగపతిగారు, చేతిలో జంతికల పొట్లంతో.

తవిటమ్మ ఉతికి మడతపెట్టిన చీర కట్టుకొచ్చింది. చెయ్యి ఒకసారి కొంగుతో తుడుచుకుని మొదటి పొట్లం తూచింది.

50.00.

రెండోది తూచింది. కాటా 50.04 చూపించింది. ఆవిడ ముందుకి వంగి చూసింది. చెంచా కొసతో రవ్వంత పొడి వెనక్కి తీసేసింది. 49.99.

నేను కుర్చీ అంచుకి జరిగాను.

మూడోది 50.01. నాలుగోది 49.98. ఐదోదానికి చెంచా సగం దూరం వెళ్ళి ఆగింది, ఖాళీగా వెనక్కి వచ్చింది. నలభై ఏళ్ళ అలవాటుని పళ్ళబిగువున పట్టుకుని కూర్చుందావిడ. నేను నవ్వుతూ అన్న ఒక్క మాటని పట్టుకుని.

"చూడు హైమవతీ" అన్నారు మంగపతిగారు, "మనిషి చెయ్యంటే ఇదీ. రెండు పక్కలా ఎంత ముచ్చటగా పడుతోందో."

"సార్" అన్నాను. "ఒకవేళ ముందుగా ఎవరైనా ఆవిడతో మాట్లాడి ఉంటే? తెలియక, పొరపాటున?"

"మనవాళ్ళా?"

"ఎవరైనా."

"అప్పుడది పరీక్ష కాదు, కుట్ర. రూల్ ఏడు. గీత శాశ్వతం, ల్యాబు మూత, ఇందుమతిగారికి జీవితాంతం నిషేధం. మాట్లాడినవాడు ఇంటికి. మళ్ళీ పరీక్షంటూ ఉండదు. నువ్వే రాశావు కదమ్మా, మర్చిపోయావా?" జంతిక విరిచి సగం నాకిచ్చారు.

పరీక్షలో తప్పినా గీత శాశ్వతమే. కాకపోతే మేడమ్‌కి నిషేధం ఐదేళ్ళే. అంటే నోరు విప్పితే మందు రాదు, మేడమ్ బతుకంతా పోతుంది. విప్పకపోతే మందు రాదు, మేడమ్ ఐదేళ్ళు పోతాయి. ఎటు తిప్పినా తమ్ముడికి ఏమీ లేదు. ఈ ద్వారాలన్నీ నేనే కట్టాను, దొంగ ఎటునుంచీ దూరకుండా. ఎవరైనా నిజం పట్టుకుని వస్తే ఎటునుంచి రావాలో ఆలోచించలేదు.

నా ఉద్యోగం కూడా గుర్తుకొచ్చింది. అబద్ధమెందుకు, గట్టిగానే గుర్తుకొచ్చింది.

రెండువందల పొట్లాలు. నాలుగుగంటలు. లేచి ఆ గాజుతలుపు కొట్టడానికి ఇరవై అడుగులు నడిస్తే చాలు. నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. జంతిక నా చేతిలో పిండి అయిపోయింది.

ఒంటిగంటన్నరకి తవిటమ్మ బయటికొచ్చింది. పైన మెట్ల దగ్గర నిలబడ్డ నన్ను చూసి, ఎవరూ లేరని అటూ ఇటూ తిరిగి చూసి, నా దగ్గరికొచ్చింది. ముఖమంతా వెలిగిపోతోంది.

"ఒక్క రవ్వ కూడా ఎక్కువెయ్యనేదమ్మా" అంది గుసగుసగా. "సెయ్యి ఊరుకుంటాదేటి, లాగీసినాది. అయినా ఎయ్యనేదు. ఇంక మేష్టారికి మందిచ్చీస్తారు కదా?"

"బాగా తూచావత్తా" అన్నాను. ఇంకేం అనగలను?

నాలుగుగంటలకి తీర్పు వచ్చింది. పరీక్షలో కనిపించిన చెయ్యీ, పుస్తకంలో కనిపించే చెయ్యీ ఒకటి కావు. పుస్తకంలోని తూకాలు కల్పితం. మార్కు ఆరు. గీత శాశ్వతం. మర్నాడు పేపర్లలో కిడ్నీ మందు తూకాల్లో మోసం అని వేశారు. ఇందుమతి మేడమ్ ప్రయోగశాల తాళాలు అప్పగించడానికి వచ్చినప్పుడు మెట్ల మీద ఎదురుపడింది. "మీ పరీక్ష మంచిదేనమ్మా. ఎక్కడ తప్పిందో నాకే అర్థం కావటం లేదు" అంది. నా చదువు రోజుల్లో ఆవిడ నాకు రెండేళ్ళు పాఠం చెప్పింది. నేను నమస్కారం పెట్టి పక్కకి తప్పుకున్నాను.

అరవై నలుగురి దగ్గరా అప్పటికే ఉన్న పొట్లాలు కూడా వెనక్కి తీసుకున్నారు. లోకనాథం దగ్గర, ఆపమన్న రోజునుంచి ముట్టకుండా ఉంచిన సగం పొట్లం ఉంటే, "దాచీయండి" అని మరదలు ఎంత బతిమాలినా వినకుండా తీసుకెళ్ళి ఇచ్చేశాడు. లెక్క లెక్కే అన్నాడు. రెండు నెలలు తిరిగేసరికి వారానికి మూడుసార్లు డయాలిసిస్. బడికి సెలవు పెట్టాడు.

వాడికి కొసరు సంగతి నేను చెప్పలేదు. చెప్పాలనుకున్నప్పుడల్లా సూదులు గుచ్చిన చెయ్యి దుప్పటి మీద కనబడేది. నేనేం చెప్పినా ఆ చెయ్యి అలాగే ఉంటుంది కదా అనుకుని ఊరుకునేదాన్ని. పిరికితనానికి ఎప్పుడూ ఏదో ఒక కారణం దొరుకుతుంది.

నాలుగో నెలలో ఒక సోమవారం మధ్యాహ్నం వాడు డయాలిసిస్ నుంచి వచ్చి లోపలిగదిలో పడుకున్నాడు. నేను వాడింటి ముందుగదిలో కూర్చున్నాను. తలెత్తి చూస్తే తలుపు దగ్గర తవిటమ్మ నిలబడి ఉంది. చిక్కిపోయింది. లోపలికి రమ్మంటే గుమ్మం దాటి నేలమీద కూర్చుంది, కుర్చీ ఇచ్చినా వద్దంది.

"మా ఊళ్ళో నూకరాజు పోనాడమ్మా. మీ మేష్టారిలాగే ఆడూ మేడమ్‌గోరి మందు తాగీవోడు. పదోరోజునాడు ఆడి పెళ్ళాం నలుగుర్లో నా కొంగు పట్టీసుకుంది. తక్కువ తూసి నా మొగుణ్ణి మింగీసినావు కదే అన్నాది. పేపర్లో ఏసినారుగా, తూకాల్లో మోసం అని. ఊరంతా అదే మాట. విస్తర్లు కూడా నా దగ్గర కొనటం మానీసినారు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు సదువుకున్నదానివి. ఆ ఆఫీసులోదానివి. నువ్వు సెప్పు. నాను తక్కువ తూసినానా?"

"లేదత్తా. ఒక్కసారి కూడా తక్కువ తూచలేదు."

"మరి మందెందుకాపీసినారు?"

అబద్ధం చెప్పి పంపెయ్యొచ్చు. నాకు తెలియదు, కంప్యూటరు చెప్పింది అంటే వెళ్ళిపోతుంది. నాలుగు నెలలుగా అందరికీ అదే చేస్తున్నాను. కాని ఆ మనిషి నా ఎదురుగా నేలమీద కూర్చుని, తన చేతులు తానే చూసుకుంటోంది, వాటిలో ఏదో తప్పుందేమోనని. ఇక నావల్ల కాలేదు.

"నువ్వు ఎప్పుడూ యాభై దాటే తూచావు. మనిషి అలా తూచడని యంత్రం అనుకుంది. ఆ లెక్కలు దొంగవని అంది. అవి నిజంగా నీ చేతివో కాదో చూద్దామనే ఆ రోజు నిన్ను పిలిచారు. ఎప్పట్లాగే కొసరు వేసి తూచి ఉంటే, నీ చెయ్యేనని తేలిపోయేది."

తవిటమ్మ చేతులు కొంగులో చుట్టుకుని అడిగింది.

"ఏసుంటే మందిచ్చీవోరా?"

"ఇచ్చేవాళ్ళు."

"నూకరాజుకీ?"

"అందరికీ."

"నువ్వే కదమ్మా, కొసరు కొంప ముంచీసినాదన్నావు."

"నేనే అన్నాను."

"అందుకే అమ్మా... సేతిని ఆపుకుని ఆపుకుని తూసినాను. రెండొందల పొట్లాలు." కొంగు వదిలి నా ముఖంలోకి చూసింది. "పరీక్ష ఇదీ అని ఒక్క ముక్క ముందు సెప్పకపోయినావా?"

"చెప్పకూడదని రూలు."

"ఎవులెట్టినారా రూలు?"

"నేనే పెట్టాను అత్తా."

లోపలిగదిలో మంచం కిర్రుమంది. లోకనాథం నిద్రపోలేదని తెలిసింది. వాడు పిలవలేదు. నేను అటు తిరిగి చూడలేదు.

"రేపు నేను మీ ఊరొస్తాను" అన్నాను. "నూకరాజు భార్యకి నేనే చెప్తాను, నువ్వు ఎప్పుడూ తక్కువ తూచలేదని. నలుగుర్లో చెప్తాను. ఉద్యోగం పోతే పోనీ."

తవిటమ్మ నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

"మరి మందెందుకాగింది అని ఆ పిల్ల అడుగుతాది. ఏటి సెప్తావు?"

నా దగ్గరున్న జవాబు ఒక్కటే, అది ఇప్పుడే ఈవిడకి చెప్పాను.

"వద్దమ్మా. రావద్దు. తక్కువ తూసినాననే అనుకోనీ. ఆ మాట పడగల్ను" అంది తవిటమ్మ. "కొసరేసుంటే మందొచ్చీదని నువ్వు సెప్పిన మాట ఆ పిల్ల ముందర నాను పడనేను."

చేత్తో నేల ఆనుకుని లేచింది. టీ పెడతానంటే వద్దని, రెండున్నర బస్సుకి వెళ్ళిపోయింది.